కారు రాంపులు: ఇంటివా, అంగడివా?

వాహనమెక్కి ప్రయాణించడం ఒక ఎత్తు. దాని కింద పడుకొని పనిచేయడం మరొక ఎత్తు. సాహిత్యం బోధించే మేము ఇనుము, కర్ర, ఘర్షణ అంటూ మొదలుపెట్టడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని నేడు మధ్యతరగతి వారి ఇళ్ల ముందు కూడా కార్లు నిలుస్తున్నాయి. ఆయిలు మార్చడం, అడుగు భాగం తుప్పు పట్టినదేమో చూడడం వంటి పనులు ఇంటివద్దనే చేసుకోవాలన్న ఉత్సాహం యువకులలో సహజం. మెకానిక్ షెడ్డులో ఇందుకు నేలలో తవ్విన గుంత ఉంటుంది. ఇంటివద్ద అది లేదు కనుక కారును కొంత ఎత్తుకు ఎక్కించే రాంపుల జత కావలసి వస్తుంది. ఆ జతను మనమే చేసుకోవాలా, కొనుక్కోవాలా అన్నది ప్రశ్న.

రాంపు అంటే భౌతికశాస్త్రంలోని వాలుతలమే. బరువును నిట్టనిలువుగా ఎత్తే బదులు వాలు మీదుగా నడిపించి, పైనున్న చదునులో చక్రాన్ని నిలుపుతాం. ఆ ఎత్తు సాధారణంగా 15 నుండి 20 సెంటీమీటర్లు. ఉదాహరణకు 900 కిలోల కారును తీసుకుందాం. ఇంజను ముందున్న కార్లలో బరువులో ఎక్కువ పాలు ముందు చక్రాలపై పడుతుంది. అది 60 శాతమనుకుంటే 540 కిలోలు. అనగా ఒక్కొక్క రాంపుపై 270 కిలోలు. ఎక్కేటప్పుడు, బ్రేకు వేసి ఆపేటప్పుడు కలిగే తోపుడు దీనికి అదనం. కనుక లెక్కకు సరిగ్గా సరిపోయే బలం చాలదు; దానికి కొన్ని రెట్ల మిగులు ఉండితీరాలి.

అంగడిలో దొరికే రాంపులు రేకుతోనో, దళసరి ప్లాస్టిక్కుతోనో చేసినవి. వాటి ప్రధాన గుణం ఎంత బరువు మోయగలవో వాటిపై రాసి ఉండడం. అయితే ఆ అంకె ఒక్క రాంపుకు చెప్పినదా, జతకు చెప్పినదా, లేక వాహనం మొత్తం బరువును ఉద్దేశించినదా అని శ్రద్ధగా చదవాలి. అంకె లేని రాంపు అంగడిలో కొన్నదైనా నమ్మదగినది కాదు. వీటిలో లోపం లేకపోలేదు. ముందు భాగం నేలకు దగ్గరగా ఉండే కార్లకు వాలు నిట్టగా ఉన్న రాంపు తగులుతుంది. ప్లాస్టిక్కు రాంపులు తేలిక కావడం వలన నున్నని గచ్చుమీద చక్రం తాకగానే జారిపోవచ్చు.

ఇంటివద్ద చేసుకొనేవారికి కర్రయే ఉత్తమం. 25 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల మందం గల గట్టి బల్లలను నాలుగు పొరలుగా పేర్చితే 16 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. అడుగు బల్ల అన్నిటికంటె పొడవు. పైకి పోయేకొద్దీ ఒక్కొక్కటి పొట్టి. పై బల్ల మీద చక్రం నిశ్చింతగా కూర్చునేంత చోటు, దాని కొసన చక్రం దాటిపోకుండా బోల్టులతో బిగించిన అడ్డుపట్టె ఉండాలి. ఇక్కడ బరువును మోసేది కర్రయే. మరమేకులు పొరలు కదలకుండా పట్టి ఉంచుతాయి, అంతే. పాత ద్వారబంధాల కలప వాడదలచినవారు చెద తొలిచిన జాడ, పగుళ్లు, ముడులు పరీక్షించుకోవాలి. ఈ పద్ధతి బాగా వ్యాప్తిలో ఉన్న అమెరికాలో నివసించే మనవారు మరొకటి గమనించాలి. అక్కడ ‘టూ బై టెన్’ అని అమ్మే బల్ల నిజానికి ఒకటిన్నర అంగుళాల మందం, తొమ్మిదింబావు అంగుళాల వెడల్పు మాత్రమే. పేరును బట్టి లెక్క వేస్తే ఎత్తు తక్కువ వస్తుంది.

ఇటుకలను, బోలు సిమెంటు దిమ్మెలను మాత్రం ఎన్నడూ వాడరాదు. గోడలో ఇవి బరువును సమంగా పంచుకొని మోస్తాయి; చక్రం బరువు ఒకేచోట పడితే హఠాత్తుగా పగులుతాయి. కర్ర సాధారణంగా ముందు నొక్కుకుంటుంది, చిట్లుతుంది, చప్పుడు చేస్తుంది. దిమ్మెకు ఆ హెచ్చరిక లేదు. వెల్డింగు షాపులో చేయించిన ఇనుప రాంపుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. అతుకు లోపల ఎంతవరకు పట్టినదో పైకి చూస్తే తెలియదు.

రాంపు ఏదైనా కొన్ని నియమాలు సమానం. నేల గట్టిగా, మట్టంగా ఉండాలి. ఎక్కించేటప్పుడు పక్కన ఒకరు నిలబడి చూడాలి. చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలకే పనిచేస్తుంది. ముందు భాగం ఎత్తినప్పుడు దానితో పాటు గేరు వేసి, నేలమీదనున్న వెనుక చక్రాలకు రెండువైపులా అడ్డుకట్టెలు పెట్టాలి. వెనుక భాగాన్ని ఎత్తితే నేలమీది ముందు చక్రాలకు ఆ బ్రేకు ఆధారం ఉండదు; అక్కడ అడ్డుకట్టెలు మరింత ముఖ్యం. చక్రం ఊడదీసే పనికి రాంపు పనికిరాదు. జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఇక ఆయిలు మట్టాన్ని కారు కిందికి దిగి, చదునున నిలిచిన తరువాతనే చూడాలి.

మా అభిప్రాయం ఇది. ఏడాదికి రెండు మూడుసార్లు ఆయిలు మార్చుకొనేవారికి, వడ్రంగం పరిచయం లేనివారికి, అంకె స్పష్టంగా ఉన్న కొన్న రాంపులే మేలు. కలప మంచి చెడ్డలు తెలిసి, కొలతలు తప్పకుండా పనిచేయగలవారికి, కారు ముందు భాగం కిందికి ఉండి పొడవైన వాలు కావలసినవారికి కర్ర రాంపులు తగినవి. డబ్బు మిగులుతుందన్న ఒక్క కారణంతో ఇంటి రాంపును ఎన్నుకోరాదు. కింద పడుకొనేది మనమో, మన ఇంటివారో. ఆ రాంపు ఎంత బరువు ఆపుతుందో, ఎందువలన ఆపుతుందో చెప్పలేనప్పుడు, దాని కిందికి ఎవరినీ పంపరాదు.