ఆ గొంతు మళ్లీ వినిపించింది!

మూడే మూడు మాటలు. రోజూ వేలమంది వింటారు, ఎవరూ పట్టించుకోరు. ఒక్కరికి మాత్రం ఆ మాటలే ఓదార్పు. లండన్ భూగర్భ రైల్వేలో వినిపించే ఓ చిన్న హెచ్చరిక వెనక ఉన్న పెద్ద కథ ఇది.

లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున ఎంబ్యాంక్‌మెంట్ అనే భూగర్భ రైల్వేస్టేషన్ ఉంది. 2007 తరవాత కొన్నేళ్లపాటు ఓ మహిళ వీలు దొరికినప్పుడల్లా అక్కడికి వచ్చేవారు. రైలు వచ్చి ఆగేది. తలుపులు తెరుచుకునేవి. స్పీకర్లోంచి ఓ మగగొంతు గంభీరంగా 'మైండ్ ద గ్యాప్' అని హెచ్చరించేది. అంటే, సందు చూసుకోండి అని. జనం గబగబా ఎక్కేసేవారు. ఆమె మాత్రం ఒక్కోసారి ఎక్కకుండా బెంచీమీదే ఉండిపోయేవారు. ఎందుకంటే... ఇంకో రైలు వస్తే ఆ మాట ఇంకోసారి వినిపిస్తుంది కదా!

ఆ గొంతు ఆమె భర్తది. అప్పటికి ఆయన లేరు.

2012 చివర్లో ఓ రోజు ఎప్పటిలాగే రైలు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. హెచ్చరిక వినిపించింది. కానీ గొంతు వేరే ఎవరిదో!

వంకర ప్లాట్‌ఫాం

మన రైల్వేస్టేషన్లలో 'దయచేసి వినండి' ఎంత పరిచయమో లండన్ వాసులకు 'మైండ్ ద గ్యాప్' అంత పరిచయం. టీ షర్టులమీదా కాఫీ కప్పులమీదా కూడా కనిపిస్తుంది. అసలు ఆ హెచ్చరిక అవసరం ఎందుకొచ్చింది?

ప్రపంచంలో మొట్టమొదటి భూగర్భ రైలు 1863 జనవరి 10న లండన్‌లోనే పరుగు తీసింది. ఆ తరవాత ఎక్కడ వీలైతే అక్కడ, ఎలా వీలైతే అలా సొరంగాలు తవ్వుకుంటూ పోయారు. దాంతో కొన్ని ప్లాట్‌ఫాంలు వంపు తిరిగాయి. బోగీలేమో తిన్నగా ఉంటాయి. ఇంట్లో గుండ్రటి పళ్లెం అంచుకి ఓ స్కేలు ఆనించి చూడండి. మధ్యలో ఒకచోట తగులుతుంది, రెండు కొసల్లోనూ సందు మిగిలిపోతుంది. లోపలివైపు నుంచి ఆనిస్తే కొసలు తగులుతాయి, మధ్యలో ఖాళీ! వంపు ప్లాట్‌ఫాం దగ్గర బోగీ పరిస్థితీ అంతే.

ఎంబ్యాంక్‌మెంట్‌లో ఈ వంపు మరీ ఎక్కువ. 1914లో ఉత్తరం నుంచి వచ్చే రైళ్లకు అదే ఆఖరి స్టేషన్. వచ్చిన రైలు అలాగే చుట్టు తిరిగి వెళ్లిపోయేందుకు వీలుగా నది అడుగున ఉంగరంలా లైను వేశారు. ఆ మలుపులోనే ప్లాట్‌ఫాం కట్టారు. 1926లో లైను దక్షిణానికి పొడిగించాక ఉంగరంతో పని లేకపోయింది. కానీ ఉత్తరంవైపు వెళ్లే రైళ్ల ప్లాట్‌ఫాం మాత్రం ఆ మలుపులోనే ఉండిపోయింది.

టెస్టు రికార్డింగే ఖాయమైంది

మొదట్లో స్టేషన్ సిబ్బందే అరిచి చెప్పేవారు. రైలు తరవాత రైలు వస్తుంటే రోజంతా ఎంతకని అరుస్తారు? అందుకే 1968లో రికార్డు చేసిన హెచ్చరిక పెట్టాలని నిర్ణయించారు. టేపు తిరిగే యంత్రాలైతే త్వరగా అరిగిపోతాయని, కదిలే భాగాలేవీ లేని డిజిటల్ పరికరాలను ఎంచుకున్నారు. అయితే ఆ రోజుల్లో మాటల్ని అలా దాచిపెట్టడం బాగా ఖర్చుతో కూడిన పని. సందేశం ఎంత చిన్నదైతే అంత మేలు. అలా పుట్టినవే ఈ మూడు మాటలు.

పీటర్ లాడ్జ్ అనే సౌండ్ ఇంజినీరు రికార్డింగ్ పని చూశారు. ముందుగా ఓ నటుడితో చెప్పించారు. ఆయనేమో తన గొంతు వాడుకున్నందుకు రాయల్టీ కావాలని పట్టుబట్టాడు. పరికరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి లాడ్జ్ అంతకుముందు తన గొంతుతోనే ఆ మాటలు రికార్డు చేసి పెట్టుకున్నారు. చివరికి దాన్నే వాడేశారు!

నార్తర్న్ లైన్‌లో మాత్రం వినిపించింది ఆస్వాల్డ్ లారెన్స్ అనే నటుడి గొంతు. కొత్త పరికరాలు వచ్చేకొద్దీ ఒక్కో స్టేషన్‌లోనూ ఆయన గొంతు మూగబోతూ వచ్చింది. చివరికి ఎంబ్యాంక్‌మెంట్‌లో ఉత్తరంవైపు ప్లాట్‌ఫాం ఒక్కటే మిగిలింది.

ఊరందరికీ తెలిసిన గొంతులు

ముఖం ఎవరికీ తెలియదు, గొంతు మాత్రం ఊరంతటికీ తెలుసు. ఈ ప్రకటనలు చెప్పేవాళ్ల జీవితమే అంత. న్యూయార్క్ సబ్‌వేలో 'మూసుకుంటున్న తలుపులకు దూరంగా ఉండండి' అని చెప్పేది రేడియో వ్యాఖ్యాత చార్లీ పెల్లెట్. అచ్చమైన అమెరికన్ యాసలా వినిపిస్తుంది. ఆయన పెరిగింది మాత్రం లండన్‌లో! 2002 డిసెంబరులో మొదలైన ఢిల్లీ మెట్రోలో హిందీ గొంతు షమ్మీ నారంగ్‌ది, ఇంగ్లిషు గొంతు రిని సైమన్ ఖన్నాది. ఇద్దరూ ఒకప్పుడు దూరదర్శన్‌లో వార్తలు చదివినవాళ్లే. హైదరాబాద్ మెట్రో స్తంభాలమీద నడిచేదే అయినా, తెలుగు, హిందీ, ఇంగ్లిషు భాషల్లో ప్రకటనలు మొదటినుంచీ ప్రయాణంలో భాగమైపోయాయి.

మనిషి వెళ్లిపోయినా గొంతు పని చేస్తూనే ఉంటుంది. లండన్‌లో మరికొన్ని లైన్లలో ఇదే హెచ్చరిక చెప్పిన ఫిల్ సేయర్ 2016 ఏప్రిల్‌లో చనిపోయారు. ఆయన భార్య ఎలినార్ హామిల్టన్ కూడా ప్రకటనలు చెప్పే కళాకారిణే. భర్త మరణవార్తను ఆమె స్టేషన్ ప్రకటనలాగే రాశారు... ఈ సర్వీసు ఇక్కడితో ముగిసిందని తెలియజేయడానికి చింతిస్తున్నామంటూ.

మళ్లీ అదే ప్లాట్‌ఫాంమీద...

లారెన్స్ భార్య వృత్తిరీత్యా డాక్టరు. 1990ల్లో మొరాకో పర్యటనలో ఇద్దరికీ పరిచయమైంది. 2007లో ఆయన మరణించాక, ఆ గొంతు వినాలనిపించినప్పుడల్లా ఆమె ఆ స్టేషన్‌కి వెళ్లేవారు. ఇంట్లో ఫొటోలుంటాయి, ఉత్తరాలుంటాయి. కానీ ఆయన పలకడం వినిపించేది అక్కడే కదా!

ఆ గొంతు మాయమైన రోజు ఆమె నిర్ఘాంతపోయారు. కారణమేంటని సిబ్బందిని అడిగితే, కొత్త డిజిటల్ వ్యవస్థ వచ్చిందని చెప్పారు. అయితే పాత రికార్డింగ్ కాపీ ఒకటి ఇప్పించగలరా అని అధికారులకు రాశారు. ఆమె అడిగింది అంతే. ఇంట్లో కూర్చుని వినొచ్చన్నది ఆమె ఆశ.

సంగతి తెలిసిన ఉద్యోగులు పాత రికార్డింగును వెతికి తీశారు. ఆమెకు ఓ సీడీ ఇచ్చారు. అక్కడితో ఆగలేదు. ఆ పాత గొంతును కొత్త వ్యవస్థలోకి ఎక్కించే పనిలో పడ్డారు. 2013లో ఎంబ్యాంక్‌మెంట్ స్టేషన్‌లో ఉత్తరంవైపు వెళ్లే నార్తర్న్ లైన్ ప్లాట్‌ఫాంమీద ఆస్వాల్డ్ లారెన్స్ గొంతు మళ్లీ పలికింది. నాలుగు దశాబ్దాల కిందట ఎలా చెప్పారో అచ్చం అలాగే.

ఆ ఒక్క ప్లాట్‌ఫాంకే ఆ గొంతు. మీరెప్పుడైనా లండన్ వెళ్లి అక్కడ రైలెక్కాల్సి వస్తే తొందరపడకండి. ఓ రైలును పోనిచ్చి మరీ వినండి. ఎక్కేటప్పుడు మాత్రం... ఆయన చెప్పినట్టే సందు చూసుకోండి!