పాత డిజిటల్ కెమెరాతో అక్వేరియం చేపల ఫోటోలు: కొత్త ఫోన్ కొనేముందు ఇది చదవండి

అక్వేరియం ముందు ఫోన్ పట్టుకుని నిలబడ్డ ప్రతి ఒక్కరికీ ఈ అనుభవం ఉండే ఉంటుంది. చేప కళ్ళముందు నిగనిగలాడుతుంటుంది. గ్యాలరీ తెరిస్తే మాత్రం మసక తోక, గాజులో మన ముఖం, మధ్యలో ట్యూబ్‌లైట్!

రాప్తాడులో ఉండే మా పిన్ని కొడుకుదీ ఇదే బాధ. డిగ్రీ చదువుతూ ఇంట్లో గప్పీలు పెంచి, వాట్సాప్ స్టేటస్‌లో ఫోటోలు పెట్టి అమ్ముతాడు. ఆ ఫోటోలు చూసి అడిగేవాళ్ళే కరువయ్యారు. "కొత్త ఫోన్ కొనల్లేమో అన్నా, పాతిక వేలైనా పెట్టల్ల" అన్నాడు. పాతిక వేలంటే ఎన్ని జతల గప్పీలు అమ్మాలో లెక్కేసుకోండి! కొనేముందు ఒక్క సాయంత్రం ఆగమన్నాను.

బీరువాలో మూలపడ్డ కెనాన్ పవర్‌షాట్ ఏ495 బయటికి తీశాం. 2010 నాటి మోడల్. 10 మెగాపిక్సెల్, 3.3ఎక్స్ జూమ్, రెండు ఏఏ సెల్స్. పూర్తి మాన్యువల్ మోడ్ కూడా లేదు. అంతకంటే బేసిక్ కెమెరా దొరకదు.

ముందు గాజు, తర్వాత కెమెరా

రాప్తాడు అనంతపురానికి దగ్గర్లో, బెంగళూరు దారిలో ఉంటుంది. జిల్లాలో వాన తక్కువే. అందుకే అక్వేరియంలోకీ బోరు నీళ్ళే గతి. ఈ గట్టి నీళ్ళు గప్పీలకు, మోలీలకు బాగానే సరిపోతాయి. చిక్కల్లా గాజుతోనే. నీళ్ళు ఆరిన చోటల్లా తెల్లటి మరకలు పడతాయి. ఆటోఫోకస్ చేపను వదిలేసి ఆ మరకల్ని పట్టుకుంటుంది. బయటివైపు గాజును నిమ్మరసం గానీ వెనిగర్ గానీ అద్దిన గుడ్డతో తుడవండి. లోపలివైపు నీళ్ళున్నప్పుడు వట్టి స్పాంజి చాలు, పులుపు తగలనివ్వకండి. మార్చిన పాత నీళ్ళు పారబోయొద్దు, మొక్కలకు పోయండి. ఆ ఇంట్లో కరివేపాకు చెట్టు బతుకుతున్నది ఆ నీళ్ళ మీదే!

వెలుగు పైనుంచే రావాలి

గదిలో లైట్లు, టీవీ అన్నీ ఆపేయండి. ట్యాంకు గాజు మూత మీద ఎల్ఈడీ ల్యాంపు పెట్టండి. అది నీళ్ళలో పడకుండా గట్టిగా ఆనించండి, తడి చేతులతో ముట్టుకోవద్దు. వెనకవైపు నల్ల చార్ట్ అతికించండి. ముదురు రంగు చొక్కా వేసుకుంటే గాజులో మీ నీడ కనిపించదు. ఫ్లాష్ పూర్తిగా ఆఫ్. ఎదురుగా ఫ్లాష్ కొడితే గాజులో తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాదు, పైగా చేపలు బెదురుతాయి. వెలుగు కోసం ట్యాంకును ఎండలోకి జరపొద్దు. మన ఎండలకు నీళ్ళు వేడెక్కి చేపలకే ముప్పు.

చౌక ఎల్ఈడీల కింద ఫోన్ ఫోటోల్లో అడ్డ చారలు వస్తే కంగారు పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఫోన్ ప్రో మోడ్‌లో షట్టర్ 1/100 పెడితే చారలు చాలావరకు పోతాయి.

కెమెరా సెట్టింగ్స్

మాక్రో, అంటే పువ్వు గుర్తు, ఆన్ చేయండి. జూమ్ వాడొద్దు. ఇలాంటి కెమెరాల్లో మాక్రో బాగా దగ్గరికి ఫోకస్ అయ్యేది జూమ్ లేనప్పుడే. ఐఎస్ఓ 400 దాటనివ్వకండి, దాటితే పొలుసుల వివరాలు నూక నూకగా విడిపోతాయి. నల్ల బ్యాక్‌గ్రౌండ్ చూసి కెమెరా అనవసరంగా వెలుగు పెంచేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ మైనస్ 2/3కి తగ్గించండి. షట్టర్ స్పీడ్ కూడా కాస్త పెరుగుతుంది. కొన్ని పాత కెనాన్ మోడళ్ళలో 'అక్వేరియం' అనే సీన్ మోడే ఉంటుంది, ఉంటే వాడి చూడండి.

లెన్స్‌ను గాజుకు నిటారుగా, వీలైనంత దగ్గరగా పట్టండి. పక్కకు వంచితే నీళ్ళు, గాజు కలిసి బొమ్మను సాగదీస్తాయి.

చేప వెంట పరిగెత్తొద్దు

అసలు కిటుకు ఇదే. పాత కెమెరాలో బటన్ నొక్కాక ఫోటో పడేసరికి చేప వెళ్ళిపోతుంది. అందుకే గాజుకు దగ్గరగా ఉన్న ఒక ఆకును ఎంచుకోండి. బటన్ సగం నొక్కి దాని మీద ఫోకస్ లాక్ చేసి, అలాగే పట్టుకోండి. చేప అక్కడికొచ్చి తిరిగే క్షణంలో పూర్తిగా నొక్కండి. మేత వేసేముందు తీస్తే ఇంకా సుళువు, ఆకలి మీదున్న చేపలు వాటంతటవే ముందుకొస్తాయి.

ఆ సాయంత్రం 140 ఫోటోలు తీస్తే పనికొచ్చినవి ఆరు. తక్కువేం కాదు, చేపల ఫోటోలంటే అంతే. అందులో ఒకటి ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే, ఒక మగ గప్పీ తోక మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు! వైట్ స్పాట్ జబ్బు లక్షణం అది. మామూలుగా చూస్తే మాకెవరికీ కనబడలేదు. వెంటనే దాన్ని వేరే ట్యాంకులోకి మార్చాడు. ఆ పాత ట్యాంకులోని చేపల అమ్మకం కూడా ఆపేశాడు. "ఇట్లాంటిది తెలీకుండా అమ్మింటే ఎంత మాట వచ్చుండేదన్నా" అన్నాడు.

మా మాట

అక్వేరియం ఫోటోలకు మెగాపిక్సెల్ కంటే శుభ్రమైన గాజు, పైనుంచి వెలుగు, కాస్త ఓపిక ముఖ్యం. ఈ మూడూ లేకపోతే పాతిక వేల ఫోన్ కూడా మీ ముఖాన్నే ఫోటో తీస్తుంది. బీరువాలో పాత డిజిటల్ కెమెరా ఉంటే ఈ రాత్రికే రెండు కొత్త సెల్స్ వేసి చూడండి. మావాడు మాత్రం ఫోన్ ఆలోచన పక్కనపెట్టాడు. ముందు చేపలకు ఇంకో ట్యాంకు కొంటాడట!