బిడ్డల వేడుకలో తల్లిదండ్రుల పాలు



“పిల్లవాడు ఎప్పుడును ఆటలోనే యున్నాడు, మా మాట వినడు” అని గార్లదిన్నె ప్రాంతమున తల్లిదండ్రులు మాతో చెప్పుకొనుచుందురు. “అతడు ఆడు ఆట యేదో, అందులోని కిటుకేమో మీకు తెలియునా?” అని మేమడిగిన పెక్కుమంది మిన్నకుందురు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు సీమ మనది. వేరుసెనగ ఎండిన యేట తండ్రి కూలికై బెంగుళూరు పోవును, తల్లి కరువుపనికి పోవును. తీరిక చిక్కినపుడు అలసి అరుగుపై కూలబడిన వారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. అయినను చిక్కిన ఆ గడియలో బిడ్డ ప్రక్కన ఎట్లు కూర్చుండవలెనో ఛాందోగ్యోపనిషత్తు చూపినది.

శ్వేతకేతువు పండ్రెండవ యేట గురుకులమునకు పోయి, ఇరువదినాలుగవ యేట వేదములన్నియు చదివి గర్వముతో తిరిగివచ్చినాడు. తండ్రియైన ఉద్దాలకుడు కుమారుని గద్దింపలేదు. మఱ్ఱిపండు తెమ్మన్నాడు, పగులగొట్టుమన్నాడు. లోపల నేమున్నదనగా సన్నని గింజలన్నాడు కుమారుడు. గింజను కూడ చీల్పించి, ఇప్పుడేమి కనబడుచున్నదని అడిగినాడు. ఏమియు లేదు! ఆ కనబడని దానినుండియే అంత మఱ్ఱి నిలిచినదని తండ్రి చెప్పినాడు. 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కిన, కదిరి చేరువనున్న తిమ్మమ్మ మఱ్ఱిమానును చూచినవారికి ఆ మాట బరువు తెలియును. మఱియొకనాడు ఉప్పుగల్లు నీటిలో వేయించి, మఱునాటి ఉదయమున పైనుండి, నడుమనుండి, అడుగునుండి రుచి చూడుమన్నాడు.

ఇది తత్త్వోపదేశమే, సందేహము లేదు. కాని ఆ తండ్రి తీరును కూడ గమనింపుడు. పండును చీల్చినది బిడ్డ చేయి, ఉప్పును రుచి చూచినది బిడ్డ నాలుక. తండ్రి ప్రక్కన నుండి అడుగుచున్నాడు, అంతే. నేడు బిడ్డ బొమ్మ గీయుచుండగా కుంచె లాగుకొని తామే దిద్దు తండ్రులను చూచుచున్నాము. అది పాలుపంచుకొనుట కాదు, పాలు లాగుకొనుట. సెల్‌ఫోను చూడవద్దని బిడ్డను కసరుచు తమ ఫోనునుండి తలయెత్తని వారి సంగతి వేఱుగా చెప్పనేల?

మన సీమలోనే ధర్మవరము చేరువ నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబములున్నవి. మేకతోలుపై బొమ్మ గీయుట, ఉలితో రంధ్రములు వేయుట, రంగులద్దుట ఇంటిల్లిపాదికి పని. దీపపు వెలుగున తెరపై రామాయణము నాడించుటయు అట్లే. అక్కడివారైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. ఆ యిండ్లలో బిడ్డలు పెద్దల విద్యలోనికి వచ్చిరి. నేటి యిండ్లలో తక్కువైనది దాని కెదురుత్రోవ, అనగా పెద్దలు బిడ్డల విద్యలోనికి పోవుట. పదునాఱవ యేడు వచ్చిన కుమారుని మిత్రునివలె చూడవలెనని నీతిశాస్త్రము చెప్పినది గదా! మిత్రుడు స్నేహితుని ఆట నెఱుగకుండునా?

చదరంగమైన బిడ్డతో నాలుగెత్తులు వేయుడు, ఓడినను నవ్వుడు. క్రికెట్టైన బంతి యేరి యిచ్చుటకైనను లేచి నడువుడు. పిల్లలు చెక్కభజన నేర్చుచున్న ఊళ్లలో మఱింత మేలు. రాత్రివేళ రామాలయము ముందు గజ్జెలు కట్టి, గురువు మాటకు సరిగా అడుగు మార్చుచు చెక్కలు మ్రోగించుట బిడ్డకు ఆట, పెద్దకు వ్యాయామము, ఇద్దఱకును నామస్మరణము. “ఈ వయసులో మాకు గంతులేమిటి? ఊరివారు నవ్వరా?” అని కొందఱు వెనుదీయుదురు. నవ్వినవారు నాలుగు దినములు నవ్వుదురు, ఐదవనాడు వారును అడుగు కలుపుదురు. మోకాళ్లు నొచ్చువారు వలయము వెలుపల కూర్చుండి తాళము వేయవచ్చును. తాళము తప్పినపుడు దిద్దు పని బిడ్డకే వదలుడు. చెక్కలు క్రొత్తగా కొననక్కఱలేదు, ఇంటిలోనున్న జతను వంతులవారీగా పంచుకొన్నను నేర్చుటకు చాలును.