అడ్డంగా ఓ గీత... వెనకో లోకం!

టీవీలో ఓ సీరియల్‌ వస్తోంది. అందులో ఇద్దరు స్నేహితులు, ఒకరికోసం ఒకరు ప్రాణమైనా ఇస్తారు. 'ఇది వట్టి స్నేహమేనా, ప్రేమా?' చూస్తున్న అమ్మాయికి అనుమానం. ఎవరితోనన్నా అంటే నవ్వుతారని నోరు మెదపదు. అదే ఊహని ఇంకెవరో ఎప్పుడో కథగా రాసేశారని ఓరోజు తెలిస్తే? చాలామంది అభిమానులు 'స్లాష్‌' కథల్లోకి అడుగుపెట్టింది ఆ ఆశ్చర్యంతోనే!

సినిమాల్లో, సీరియళ్లలో పాత్రలతో అభిమానులు సొంతంగా అల్లుకునే కథలే ఫ్యాన్‌ ఫిక్షన్‌. అందులో ఇద్దరు మగవాళ్ల మధ్య ప్రేమని చెప్పేవి స్లాష్‌ కథలు. ఇదంతా 'స్టార్‌ ట్రెక్‌' చలవే. 1966లో అమెరికాలో మొదలైన ఆ సీరియల్‌లో కెప్టెన్‌ కిర్క్‌, స్పాక్‌ ప్రాణస్నేహితులు. వారి పేర్ల మధ్య 'అండ్‌' గుర్తుంటే స్నేహం కథ, ఏటవాలు గీత ఉంటే ప్రేమకథ. ఆ గీతనే ఇంగ్లిషులో స్లాష్‌ అంటారు. పేరు అలా వచ్చింది.

సీరియల్‌ 1969లో ఆగిపోయినా అభిమానులు ఆగలేదు. 1972లో న్యూయార్క్‌లో సమావేశం పెడితే వందల్లో వస్తారనుకున్నవాళ్లు వేలల్లో వచ్చారు! సొంత డబ్బుతో పత్రికలు అచ్చేసుకున్నారు. వాటిలో రాసేవాళ్లు ఎక్కువగా మహిళలే. 1974లో 'గ్రప్‌' అనే అభిమానుల పత్రికలో డయాన్‌ మర్చంట్‌ రాసిన చిన్న కథే అచ్చయిన తొలి స్లాష్‌ కథ అంటారు. అందులో పాత్రల పేర్లు కూడా లేవు!

ఎందుకంత జాగ్రత్త? అమెరికా మానసిక వైద్యుల సంఘం స్వలింగ ప్రేమని జబ్బుల జాబితా నుంచి తీసేసింది 1973లోనే. చాలా రాష్ట్రాల్లో స్వలింగ సంబంధం అప్పటికింకా నేరమే. అందుకే ఆ కథలు చేతులు మారింది గుట్టుగానే. సమావేశాల్లో బల్ల కింద నుంచి తీసిచ్చేవారు. కొత్తవాళ్లకి వెంటనే చూపించేవారు కాదు. నమ్మకం కుదిరాక, పాతవాళ్లు ఒక్కో కథా చేతికిచ్చి అలవాటు చేసేవారని కమీల్‌ బేకన్‌ స్మిత్‌ 1992లో తన పుస్తకంలో రాశారు.

ఇంటర్నెట్‌ వచ్చాక మధ్యవర్తుల అవసరం తగ్గింది. భయం మాత్రం పోలేదు. 2007లో లైవ్‌జర్నల్‌ సైటు వందలాది ఖాతాల్ని ఒక్కసారిగా ఆపేసింది. స్లాష్‌ కథలు రాసుకునేవాళ్లవీ అందులో పోయాయి. పరాయి పంచన ఎన్నాళ్లని అభిమానులే చందాలేసుకుని సొంత గూడు కట్టుకున్నారు. 2009లో అందరికీ తలుపులు తీసిన ఆ 'ఆర్కైవ్‌ ఆఫ్‌ అవర్‌ ఓన్‌'కి 2019లో ప్రతిష్ఠాత్మక హ్యూగో అవార్డు దక్కింది.

ఒకప్పుడు బల్ల కింద దాచిన కథ ఇప్పుడు సెల్‌ఫోన్‌లోనే దొరుకుతోంది. చదివిన అమ్మాయి మొదట అనుకునే మాట మాత్రం మారలేదు... 'హమ్మయ్య, నాకొక్కదానికే కాదన్నమాట!'