వాటర్ స్కూటర్ పొట్టలోకి నీళ్లు ఎటునుంచి వస్తాయి?

జెట్ స్కీ అని మనం పిలిచే వాటర్ స్కూటర్‌కి మామూలు మోటారు పడవలా వెనక పంకా బయటికి కనబడదు. అది అడుగునున్న జాలీ గుండా నీటిని లోపలికి లాక్కుంటుంది. లోపలి పంపులో తిరిగే ఇంపెల్లర్ అనే పంకా ఆ నీటి వేగం పెంచి, వెనకనున్న సన్నటి మూతి గుండా చిమ్ముతుంది. నీరు వెనక్కి పోయిన కొద్దీ బండి ముందుకు దూకుతుంది. ఇంజన్‌ని చల్లబరచడానికీ చాలా బండ్లలో ఆ నీటినే కొంత వాడుకుంటారు. నీటిని మింగి కక్కడమే దాని బతుకు. ఆ నీరు తన దారి తప్పినప్పుడే తంటా మొదలవుతుంది.

కెనడాకు చెందిన బొంబార్డియర్ సంస్థ 1968లో సీ-డూ పేరుతో ఇలాంటి బండిని తెచ్చి, కొద్దికాలానికే ఆపేసింది. 1988లో కొత్త రూపంలో మళ్లీ దింపింది. 1990లనాటి సీ-డూలకు ఆస్ట్రియాలో తయారైన రోటాక్స్ టూ-స్ట్రోక్ ఇంజన్లు ఉండేవి. వాటిలో కొన్ని ఇప్పటికీ చేతులు మారుతూ నడుస్తున్నాయి. ఇంజన్ గట్టిదే అయినా, దాని చుట్టూ ఉన్న రబ్బరుకి వయసు మీదపడుతుంది.

నీళ్లు ఎప్పుడు చేరుతున్నాయో గమనిస్తే ఎటునుంచి చేరుతున్నాయో చాలావరకు తెలిసిపోతుంది. ఇంజన్ ఆపి, బండిని ఊరికే నీటిలో తేలనిచ్చినా లోపల నీరు పెరుగుతుంటే మొదట వెనకనున్న డ్రెయిన్ ప్లగ్గులు చూడాలి. వాటి వాషర్లు ఎండి పగిలిపోతాయి. తర్వాత అడుగున పగుళ్లు, పంపు బిగించిన చోట అతుకు. ఒడ్డున గొట్టంతో నీళ్లు పెట్టి ఇంజన్ నడిపినప్పుడే లోపల తడి కనిపిస్తే, కూలింగ్ గొట్టాలో, క్లాంపులో, సైలెన్సర్‌ని కలిపే రబ్బరు జాయింటో కారణం. ఈ రెండు పరీక్షల్లోనూ పొడిగా ఉండి, నీటి మీద నడిపినప్పుడే నీరు చేరుతుంటే అనుమానం షాఫ్ట్ సీల్ మీదకి పోవాలి.

ఇంజన్ నుంచి ఇంపెల్లర్ దాకా పోయే షాఫ్ట్, పడవ గోడను చీల్చుకుని బయటికి వెళ్లాలి. చాలా సీ-డూలలో ఆ కంతకి కాపలా కార్బన్ సీల్. షాఫ్ట్‌తోపాటు తిరిగే స్టీలు రింగుకి, తిరగని కార్బన్ రింగు ఆనుకుని ఉంటుంది. ముడతల రబ్బరు తొడుగు దాన్ని నొక్కి పడుతుంది. ఇంజన్ నిమిషానికి 6,000 సార్లు తిరిగితే, ఆ రెండు రింగులూ సెకనుకి 100 సార్లు ఒరుసుకుంటాయి. రబ్బరు బిగువు తగ్గినా, కార్బన్ మీద గాడి పడినా నీరు సన్నటి జల్లుగా లోపలికి చిమ్ముతుంది.

ఇంకో దొంగదారి ఉంది. పొట్టలో చేరిన నీటిని లాగేయడానికి రెండు సన్నటి గొట్టాలుంటాయి. పంపు మూతి దగ్గర ధార వేగంగా పోవడంతో అక్కడ పీడనం తగ్గి, గొట్టం లోపలి నీటిని పీల్చేస్తుంది. దీన్నే వెంచురి ప్రభావం అంటారు. ఆ గొట్టాన్ని నీటిమట్టం కన్నా పైకి వంచి, వంపు దగ్గర చిన్న రంధ్రం పెడతారు. బండి ఆగగానే ఆ రంధ్రం గుండా గాలి చొరబడి ధార తెగిపోతుంది. రంధ్రం మట్టితో పూడుకుపోతే, పీపాలోంచి కిరసనాయిలు గొట్టంతో దింపినట్టే, చెరువు నీరు వెనక్కి తిరిగి లోపలికి పారుతుంది. సన్నటి తీగతో పొడిస్తే సరిపోయే జబ్బు ఇది.

పొట్టలో 50 లీటర్లు చేరితే 50 కిలోల బరువు పెరిగినట్టు. బండి కుంగుతుంది, నీరు గాలి పీల్చే చోటికి ఎగసి సిలిండర్లలో పడుతుంది. గాలిలా నీరు నలగదు. పైకొచ్చే పిస్టన్‌కి అది అడ్డుపడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. టూ-స్ట్రోక్‌లో గాలీ పెట్రోలూ క్రాంక్ కేస్ గుండానే పోతాయి కనుక నీరు నేరుగా బేరింగుల మీద కూర్చుంటుంది. ఉప్పునీరైతే గంటల్లోనే తుప్పు మొదలవుతుంది.

అందుకే మునిగిన బండికి స్టార్టర్ నొక్కకూడదు. ముందుగా సీటు తీసి పెట్రోలు ఆవిరి పోనివ్వాలి. అది గాలికన్నా బరువు కనుక అడుగున నిలుస్తుంది. స్పార్క్ ప్లగ్గులు విప్పి, నిప్పురవ్వ పుట్టకుండా వాటి వైర్లను ఇంజన్ బాడీకి ఆనించి, అప్పుడు తిప్పితే నీరు బయటికి చిమ్ముతుంది. సిలిండర్లలో నూనె పోసి, అదేరోజు ఇంజన్ నడిపి వేడెక్కించాలి. ఇక ఒడ్డున గొట్టంతో ఇంజన్ లోపలిని కడిగేటప్పుడు ముందు ఇంజన్, తర్వాత నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇంజన్. ఈ వరస తప్పితే సైలెన్సర్ నిండి నీరు ఇంజన్‌లోకే ఎదురెక్కుతుంది. అలాగే బోల్తాపడ్డ బండిని వెనక అంటించిన స్టిక్కర్ చూపిన వైపుకే తిప్పాలి.

పాత బండి కొనదలచినవారు రంగు చూసి మోసపోకండి. సీటెత్తి, లోపలి గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూడండి. అది స్టార్టర్ మోటారు దాటి ఉంటే, ధర మాట్లాడేముందు స్పార్క్ ప్లగ్గులు విప్పించి, కంప్రెషన్ కొలిపించండి.