సెల్‌ఫోనులో దారి, పాట, డేటా

సిరుముగై నుండి మధురకు చీరల మూటతో వెళ్లు సభ్యులకు మనవి. మనమున్న చోటును ఫోను జి.పి.ఎస్. ఉపగ్రహముల వలన తెలిసికొనును. అందుకు డేటా అక్కరలేదు. ఖర్చు పటము తెచ్చుకొనుటకే. కావున ముందునాటి రాత్రి, ఆనాటి డేటా మిగిలియుండగా, గూగుల్ మ్యాప్స్‌లో మూలనున్న బొమ్మను నొక్కి, ‘ఆఫ్‌లైన్ మ్యాప్స్’లో కోయంబత్తూరు మొదలు మధుర వరకు పటమును డౌన్‌లోడు చేసికొనవలెను. ఒక్కసారికి రాకున్న రెండు ముక్కలుగా చేయవచ్చును. అది బండి దారినే చూపును. రద్దీని, మధుర సందులలో నడకదారిని చూపదు. అక్కడ నోటితో అడుగుటయే మేలు, తెలుగువారు దొరకకపోరు.

పాటలును ఇంటనే దించుకొనవలెను. 2016లో జియో వచ్చిన పిమ్మట డేటా చౌకయైన మాట నిజమే గాని, చాలా ప్లానులలో రోజువారీ పరిమితి గలదు. బస్సులో వీడియో పాటలతో అది తీరిపోయిన, సాయంకాలము షావుకారుకు చీర ఫోటో పంపుట, అతడు పంపిన పైకము చూచుకొనుట, రెండును కష్టమగును.