లీన్ పద్ధతి

పనిలో వృథాను నిరంతరం వెతికి తొలగించడమే లీన్ పద్ధతి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లోని టొయోటా కార్ల సంస్థలో ఇంజినీరు తైచి ఓనో దీనికి రూపమిచ్చారు. ‘లీన్’ అనే పేరు మాత్రం 1988లో జాన్ క్రాఫ్‌చిక్ రాసిన వ్యాసంతో వచ్చింది. నిరీక్షణ, మిగులు నిల్వ, అనవసర రవాణా, లోపాల వంటి ఏడు రకాల వృథాను ఓనో గుర్తించారు. వాటిలో అధికోత్పత్తే అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే మిగతా వృథాలను అది కప్పేస్తుంది.

అసలు బలం కార్మికుడికి ఇచ్చిన అధికారంలో ఉంది. లోపం కనిపిస్తే అతడు లైను పక్కనున్న తాడు లాగుతాడు. ఆండాన్ అనే సూచిక బోర్డుపై దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ వస్తాడు. నిర్ణీత సమయంలో సమస్య తీరకపోతే లైను ఆగిపోతుంది. తాడు లాగినవారిని ఎవరూ తప్పుపట్టరు. మూలకారణం దొరికేదాకా ‘ఎందుకు’ అని మళ్లీ మళ్లీ అడుగుతారు. తప్పుపట్టరన్న భరోసా లేని కర్మాగారంలో తాడు ఉన్నా ఎవరూ లాగరు, పొరపాట్లు దాచుకుంటారు.

ఉద్యోగుల సూచనలు స్వీకరించే పథకాన్ని టొయోటా 1951లోనే మొదలుపెట్టింది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ మూసేసిన ప్లాంటులో 1984లో ఆ రెండు సంస్థలూ కలిసి ఉత్పత్తి ప్రారంభించాయి. కార్మికుల్లో అధికులు పాతవారే అయినా, టొయోటా పద్ధతికి మారడంతో కార్ల నాణ్యత ఎంతో మెరుగుపడింది.